ముట్టుకోకుండా నేర్పిన ఇంజినీరింగ్

కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు టీచర్లు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి, ఖాళీగానే ఉంటాడని వాళ్ల లెక్క. టీ తాగాక అసలు సంగతి బయటపెడతారు. "సార్, పిల్లలతోని చేతులతోటి ఇంజినీరింగ్ పనులు చేయించుమని ఆర్డర్ అచ్చింది. మీరు కోరుట్లల, సిరిసిల్లల గిదే పని చేసిండ్రట గద. ఎట్ల మొదలువెట్టాలె?" అంటారు.

ముందు ఆర్డరు చివరి లైను చదవమంటాను. ఏ ఆర్డరైనా సృజన, ఆవిష్కరణ, రేపటి పౌరులు అంటూ పెద్ద పెద్ద మాటలతో మొదలవుతుంది. ఫోటోలు సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలనే మాటతో ముగుస్తుంది. మా శాఖలో ఆ చివరి లైనే అసలు ఆర్డరు. నా సర్వీసులో సగం ఆ ఫోటోలకే పోయింది. మిగతా సగంలో మాత్రం పిల్లలు నిజంగానే ఏవో విప్పారు, బిగించారు, వేళ్లు కాల్చుకున్నారు, ఏడ్చారు, మళ్లీ బిగించారు. నేను రాసేది ఆ సగం గురించి. ప్రమోషన్లు, పీఆర్సీలు, బదిలీల గొడవలు కావాలంటే మా తోటివాళ్లను అడగండి. అవి తప్ప వాళ్లకు వేరేవి గుర్తుండవు.

తాళంచెవి

కోరుట్లలో నేను పనిచేసిన బడికి ఒక ఏడాది పనిముట్ల గది మంజూరైంది. చిన్న మోటార్లు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ కడ్డీలు, ప్లాస్టిక్‌తో బొమ్మలు పోసే త్రీడీ ప్రింటరు, అన్నీ డబ్బాల్లో వచ్చాయి. ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. ప్రింటరుకు పసుపు, కుంకుమ పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టి, భక్తి కొద్దీ ఆ నీళ్లు దాని మీదే చల్లారు. పాపం, ఆ ప్రింటరు ఆ కొబ్బరినీళ్ల నుంచి మళ్లీ కోలుకోలేదు.

మిగిలిన సామాను బాగానే ఉంది. కానీ మర్నాడు వెళ్లి చూస్తే గదికి తాళం. కిటికీలోంచి చూస్తే ప్రతి వస్తువు ముందూ "ముట్టుకోరాదు" అని చిన్న అట్టముక్క. నేను హెడ్మాస్టరు దగ్గరికి పోయాను.

"సార్, పిల్లలకు గది తెరుద్దామా?"

"తెరిస్తే ఏం జేస్తరు?"

"సామాను వాడుతరు సార్."

"వాడితే?"

"ఒకటో రెండో ఇరుగుతయి."

"ఇరిగితే ఎవలు జవాబు చెప్పాలె? నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

ఆయన చెడ్డవాడు కాదు. అంతకుముందు పనిచేసిన బడిలో ఎవరో హార్మోనియం ఎత్తుకుపోతే, ఆయన ఏళ్ల తరబడి సంజాయిషీలు రాసుకున్నాడట. అప్పటినుంచి బడిలో ఏ కొత్త వస్తువు దిగినా ఆయనకు గుండె దడ. ఆడిట్‌కు వచ్చేవాడికి స్క్రూడ్రైవరు కొత్తగా మెరవాలి. పిల్లలకు స్క్రూ విప్పడం వచ్చా రాదా అని ఏ ఆడిట్‌లోనూ అడగరు. ఆ లెక్కన చూస్తే ఆయన చేసింది తెలివైన పనే.

నేను బస్టాండు అవతలి పాత ఇనుప సామాను దుకాణానికి పోయి చెడిపోయిన ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు మోసుకొచ్చాను. అవి బడి ఆస్తి కాదు, విరిగితే ఎవరూ సంజాయిషీ అడగరు. అందుకని వాటిని ముట్టుకోవచ్చు. పిల్లలు మొదటిరోజు ఫ్యాను విప్పి, లోపల రాగితీగ తప్ప ఏమీ లేదని తెలిసి నిరాశపడ్డారు. లోపల ఇంకేదో చిన్న జంతువు లాంటిది ఉండి తిప్పుతుందని వాళ్ల ఊహ. ఆ తీగే ఎట్లా తిప్పుతుందో చెప్పడానికి నాకు నెల పట్టింది. పుస్తకంలో అయితే అర పేజీ.

కొన్నాళ్లకు పిల్లలు ఇళ్లలో కూడా విప్పడం మొదలుపెట్టారు. లింగాగౌడ్ అని ఒక గీతకార్మికుడు కల్లు గీయడానికి తాటిచెట్లకు పోతూ పోతూ, చెట్టెక్కే మోకు భుజాన ఉండగానే బడికి వచ్చాడు.

"సారూ, మా పోరడు మిక్సీ ఇప్పిండు."

"ఖరాబైందా?" అన్నాను భయంగా.

"కాలే. మళ్ల బిగించిండు. మంచిగనే నడుస్తుంది. గని గీ రెండు స్క్రూలు మిగిలినయ్." అరచెయ్యి చాపి చూపించాడు. "గివి లేకున్నా నడువంగ, కంపెనీవోడు ఎందుకు వెట్టినట్టు?"

అంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇన్‌స్పెక్షన్లోనూ ఎవరూ అడగలేదు. ఆదివారం వాళ్లింటికి పోయి, పిల్లవాడితో ఆ మిక్సీని మళ్లీ విప్పించాను. ఇనుప బాడీ ఉన్న పాత రకం. ఒక స్క్రూ మిక్సీ కాలి కింది రబ్బరు ముక్కది. రెండోది ఎర్తు తీగను బాడీకి కలిపేది. అది లేకపోయినా మిక్సీ హాయిగా తిరుగుతుంది. లోపల ఎక్కడైనా తీగ అరిగితే, తడిచేత్తో పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. పిల్లవాడు వాళ్లమ్మ వైపు చూసి, ఆ స్క్రూ బిగించాడు. పనిచేస్తున్నదల్లా సరిగ్గా ఉన్నట్టు కాదని నేను వేరే పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్త టీచర్లకు నేను చెప్పేది ఇదే. మిగిలిన స్క్రూలు పట్టుకొని ఎవరైనా వస్తే దండం పెట్టి కూర్చోబెట్టండి. మీ క్లాసు బడి దాటి ఇంటిదాకా పోయిందన్నమాట.

వరద హెచ్చరిక

జగిత్యాలలో జరిగే సైన్సు ఫెయిర్లకు చుట్టుపక్కల బళ్లన్నీ వచ్చేవి. అక్కడ ఒక ఆచారం ఉండేది. మోడలు పనిచేయాల్సిన అవసరం లేదు. పెద్దసారు, అంటే చూడ్డానికొచ్చిన పై అధికారి, స్విచ్ నొక్కినప్పుడు పనిచేస్తే చాలు. అందుకని ప్రతి బల్లకూ నేలదాకా గుడ్డ కప్పేవాళ్లు. అది అందం కోసమని మొదట్లో నేనూ అనుకున్నాను. గుడ్డ లోపల ఒక మనిషి ఉంటాడు. పైన స్విచ్ పడగానే కింద ఆయన దారం లాగుతాడు, పైన గాలిమర తిరుగుతుంది.

మోడళ్లు చాలావరకు దుకాణంలో కొన్నవే. ఒకసారి మూడు బళ్ల వాళ్లు మూడు ఆదర్శ గ్రామాలు తెచ్చారు. మూడింటిలోనూ ఒకే రకం ప్లాస్టిక్ ఆవు ఒకే వైపు చూస్తూ నిలబడింది. జడ్జీలు మూడు బళ్ల పిల్లల సృజననూ విడివిడిగా మెచ్చుకున్నారు.

ఆ ఏడే ఒక బడివాళ్లు, పేరు రాయను, ధర్మపురి దగ్గర గోదావరి మీద డ్యామ్ అని థర్మాకోల్‌తో కట్టుకొచ్చారు. బల్ల కింద వాళ్ల డ్రిల్లు మాస్టారు. మంచి భారీ మనిషి, బకెట్టు, మగ్గు పట్టుకొని ముడుచుకొని కూర్చున్నాడు. అధికారి వచ్చి స్విచ్ నొక్కాడు. నీళ్లు పారాయి, చిన్న బల్బు వెలిగింది. ఆయన సంతోషించి గోదావరి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు బల్ల కింద ఫోన్ మోగింది. రింగ్‌టోన్ పెళ్లి బరాత్‌లో కొట్టే డీజే పాట.

"గా చప్పుడేంది?" అన్నాడు అధికారి.

ఆ బడి హెడ్మాస్టరు తడుముకోలేదు. "వరద హెచ్చరిక సార్. నీళ్లు ఎక్కువైతే ఊరోళ్లకు తెల్వాలని మా పిల్లలు వెట్టిండ్రు."

కింద డ్రిల్లు మాస్టారు ఫోన్ నొక్కేసే తొందరలో బకెట్టు తన్నాడు. నీళ్లన్నీ గుడ్డ కిందినుంచి వచ్చి అధికారి బూట్లు తడిపేశాయి.

"సూసిండ్రా సార్," అన్నాడు హెడ్మాస్టరు, "వరద రాకముందే చెప్పింది."

మొదటి బహుమతి దానికే. మరుసటి ఏడు ఇంకో నాలుగు బళ్లవాళ్లు వరద హెచ్చరికలు తెచ్చారు. పాటలు మాత్రం వేరే.

ఇది తలచుకొని ఇప్పటికీ నవ్వుకుంటాను. కానీ ఆ రోజు బహుమతి అందుకున్న అమ్మాయిని పక్కకు పిలిచి, "బల్బు ఎట్ల వెలిగింది బిడ్డా?" అని అడిగితే, "తెల్వది సార్. బల్ల కింద సూడద్దన్నరు," అంది. ఆ మాట గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది. ఇంగ్లీషులో డ్యామ్ గురించి పేజీ పొడుగు పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్ల ఆమె. దాన్ని లోపలినుంచి చూసే హక్కు మాత్రం డ్రిల్లు మాస్టారికే ఉండింది.

సిరిసిల్ల: రూతు బల్బు

నా ఆఖరి బడి సిరిసిల్లలో. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పొద్దున లేచింది మొదలు వీధంతా ఆ చప్పుడే. పాఠం చెప్పాలంటే గొంతు పెంచాలి. అక్కడినుంచి వచ్చాక మా ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు.

పదో తరగతిలో రూతు అని ఒక పిల్ల ఉండేది. తెలివైనది, కానీ వస్తే మధ్యాహ్నం వచ్చేది, లేకపోతే లేదు. అక్కడి హెడ్మాస్టరు ఆమె పేరు చెప్పకుండా "గా ఇర్రెగ్యులర్" అనేవాడు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వడం కష్టమని ఒకటికి రెండుసార్లు ఇంటికి కబురు కూడా పంపాడు. సంగతేమిటో చూద్దామని నేను వాళ్లింటికి పోయాను.

కోనరావుపేట వైపు పల్లెనుంచి పని కోసం వచ్చిన కుటుంబం. తండ్రి నూలు గోదాములో హమాలీ. తల్లి దేవమ్మ ముందుగదిలో మిషను మీద కండెలు చుడుతుంది. కండె అంటే సాంచె మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దానికి దారం చుట్టాలి. వరసగా చాలా కండెలు ఒకేసారి తిరుగుతుంటాయి. దారం తెగితే వెంటనే ముడి వేయాలి, లేకపోతే ఆ కండె ఉత్తగా తిరుగుతూ ఉంటుంది. వెనక గదిలో రూతు నాయనమ్మ మంచం పట్టి ఉంది.

"బిడ్డను బడికి తోలద్దని నాకేమన్న ఉన్నదా సారు?" అంది దేవమ్మ, ముడి వేస్తూనే. "లోపల ముసలామెను లేవగొట్టాలె, కడుగాలె, తినవెట్టాలె. నేను లోపలికి వోంగనే ఈడ దారం తెగుతది. తెగిన సంగతి నాకు తెల్వది. ఇది ఈడ కూసుంటెనే నేను ఆడికి వోయేది."

అప్పట్లో నేను పిల్లలకు ఒక పని ఇచ్చేవాణ్ణి. మీ ఇంట్లో విసిగించే విషయం ఒకటి చెప్పండి, దానికి ఏదో ఒకటి చేద్దాం అని. చాలామంది ప్రపంచ కాలుష్యం గురించి చెప్పారు. రూతు లేచి, "దారం తెగితె అమ్మకు లోపలికి తెల్వాలె సార్. గంతే," అంది. ఏం కావాలో అంత సూటిగా చెప్పిన ఇంజినీరును నేను ఇంతవరకు చూడలేదు.

ఒక్కో దారం మీద ఒక్కో పిన్ను వేలాడదీసింది. దారం తెగితే పిన్ను కింద పక్కపక్కనున్న రెండు రేకుల మీద అడ్డంగా పడుతుంది, కరెంటు కలుస్తుంది, బజరు మోగుతుంది. మొదట పిన్నీసులు వాడింది. వాటి బరువుకు దారాలే తెగాయి. తర్వాత జడపిన్నులు పెట్టింది. రేకులు నూనెడబ్బావి, బ్యాటరీ టార్చిలైటుది. బడిలో కత్తెరతో దారం కోసి చూస్తే బజరు గట్టిగా మోగింది. అందరం చప్పట్లు కొట్టాం.

మరుసటి రోజు రూతు మూతి ముడుచుకొని వచ్చింది. "మోగింది సార్. ఎవలికీ ఇనవడలే."

పక్కింట్లో సాంచాలు నడుస్తుంటే బజరు ఎవరికి వినపడుతుంది? పుట్టినప్పటినుంచి ఆ చప్పుడులోనే పెరిగిన పిల్ల, ఆ చప్పుడును లెక్కలోకి తీసుకోవడమే మరిచిపోయింది. చేపకు నీళ్లు గుర్తుండనట్టు. నాకూ తట్టలేదు. దారి వెతకడం ఆమెకే వదిలేశాను. రెండు రోజులు అలిగి కూర్చుంది. తర్వాత బజరు పీకేసి, పొడుగు తీగ లాగి, నాయనమ్మ మంచం పైన గోడకు చిన్న ఎర్ర బల్బు పెట్టింది. దారం తెగితే బల్బు వెలుగుతుంది. దేవమ్మ చూసి వచ్చి ముడి వేస్తుంది. ఆ వారం నుంచి రూతు ప్రార్థన గంటకు బడిలో ఉంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథే. కానీ బల్బు సంగతి హెడ్మాస్టరుకు తెలిసింది.

ఆయన దాన్ని ఫెయిర్‌కు పంపాలన్నాడు. జడపిన్నులు కనపడకుండా బంగారు రంగు కాగితం చుట్టించాడు. "స్మార్ట్ టెక్స్‌టైల్ మానిటరింగ్ సిస్టమ్" అని పేరు పెట్టాడు. జడ్జీలు అందులో యాప్ ఏదని అడిగారు, లేదంటే వచ్చే ఏడు పెట్టమన్నారు. అయినా బహుమతి వచ్చింది. బడి గేటుకు రూతు ఫోటోతో "మా బడి ఆణిముత్యం" అని ఫ్లెక్సీ కట్టారు. పరికరం మాత్రం హెడ్మాస్టరు గదిలో అద్దాల పెట్టెలోకి పోయింది.

"సార్, గా బల్బు మా ఇంటికి గావాలె," అంది రూతు హెడ్మాస్టరుతో.

"గిప్పుడది బడి గౌరవం బిడ్డా. మీ ఇంట్ల వెడితె దుమ్ము వడుతది. పెద్దసారు అచ్చి సూసినంక ఇస్త."

పెద్దసారు ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. రూతు కూడా రావడం మానేసింది. మళ్లీ కండెల ముందు కూర్చుంది. ఇంకొకటి చేయించి ఇస్తానని నేను వాళ్లింటికి పోయి చెబితే ఒప్పుకోలేదు. "నాది ఉన్నది గద సార్. అది ఇయ్యమనుండ్రి," అంది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, గౌరవం కూడా కలిగింది. గేటు మీద ఆణిముత్యం నవ్వుతూనే ఉంది, లోపల అదే ఆణిముత్యానికి హాజరు తక్కువైందని హెడ్మాస్టరు మళ్లీ కబురు పంపించాడు. ఈ రెండూ ఒకే మనిషి గురించని ఆయనకు తోచలేదో, తోచినా అవసరం అనిపించలేదో నాకు తెలియదు.

చివరికి ఒకరోజు పెద్దసారు నిజంగానే బయలుదేరాడని ఫోన్ వచ్చింది. పరికరం గురించి చేసిన పిల్లతోనే చెప్పించాలట.

"రూతు ఏది?" అన్నాడు హెడ్మాస్టరు.

"రాలేదు సార్."

"ఇయ్యాల గూడనా? స్కూటర్ మీద వోయి జెర తోలుకరాపో."

పోయాను. రూతు మిషను ముందునుంచి కదల్లేదు, చేతులు దారాల మీదే ఉన్నాయి. "వశం గాదు సార్. అమ్మ లోపల నాయనమ్మకు తానం చేపిస్తుంది. బల్బు ఇయ్యిండ్రి, వస్త," అంది.

అక్కడినుంచే ఫోన్ చేశాను. "సార్, పిల్ల రావాలంటే బల్బు ఇక్కడుండాలె."

"బల్బు ఆడుంటె ఈడ నేనేం సూపెట్టాలె?"

"పిల్లను సూపెట్టుండ్రి."

"పిల్లను సూసి ఆయనేం జేస్తడయ్యా? జీపు దగ్గరికచ్చిందట. ఏదో ఒకటి చెయ్," అని పెట్టేశాడు.

నా సర్వీసులో నేను అక్షరాలా పాటించిన ఆర్డరు అదొక్కటే. బడికి వెళ్లేసరికి హెడ్మాస్టరు దండ పట్టుకొని గేటు దగ్గర ఉన్నాడు, అద్దాల పెట్టె తాళంచెవి ఆయన జేబులో ఉంది. నేను తాళం జోలికి పోలేదు. కీళ్ల స్క్రూలు విప్పి తలుపు పక్కన పెట్టి, పరికరం సంచిలో వేసుకొని పెరటి దారిన వెళ్లాను.

రూతు బంగారు కాగితం చింపేసి, పిన్నులు ఒక్కొక్కటే దారాల మీద తగిలించింది. దేవమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఒక దారం తనే తెంపి, వెనక గదిలోకి తొంగి చూసింది. బల్బు వెలిగింది.

"ఇగ పో బిడ్డ," అంది.

మేం వచ్చేసరికి పెద్దసారు ఖాళీ పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

"ఈ అమ్మాయేనా?" అన్నాడు పెద్దసారు. "ఏదమ్మా నీ మోడల్?"

"మా ఇంట్ల ఉన్నది సార్. పని చేస్తుంది."

"తీసుకరావద్దా మరి? ఇంత దూరం అచ్చినం, మేమెట్ల సూడాలె?"

రూతు చేతులు కట్టుకొని, గౌరవంగానే చెప్పింది. "అది ఈడికస్తె నేను ఆడికి వోవాలె సార్."

హెడ్మాస్టరు కిందికి చూశాడు. పెద్దసారు ఒకసారి ఖాళీ పెట్టెను, ఒకసారి ఆ పిల్లను చూశాడు. అర్థమైందో లేదో నేను చెప్పలేను. రూతు మాత్రం ఇంకేమీ అడగరని చూసుకొని, "పోవచ్చా సార్? లెక్కల క్లాసు అయితుంది," అంది. జవాబు కోసం ఎదురుచూడకుండా పుస్తకాలు తీసుకొని వెళ్లి క్లాసులో కూర్చుంది.